మెయిన్.సి ని ముక్కలు చేయడానికి నేను పడ్డ పాట్లు: నా అనుభవం

మా అమ్మ వాళ్ల పొదుపు సంఘం లెక్కలు అమ్మే రాస్తుంది. 12 మంది సభ్యులు, నెలకు తలా 100 రూపాయలు. సి ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటూ ఆ పుస్తకం పక్కన పెట్టుకుని ఒక ప్రోగ్రామ్ మొదలుపెట్టాను, నాలుగు నెలలు తిరిగేసరికి ప్రోగ్రామ్ అంతా ఉన్న మెయిన్.సి ఫైలు 1,100 లైన్లు దాటింది, వడ్డీ లెక్క ఎక్కడుందో వెతకడానికే విసుగొచ్చేది. ముక్కలు చేద్దామని కూర్చుంటే ఎక్కడ కోయాలో అర్థం కాలేదు, నేను చూసి నేర్చుకున్న ఉదాహరణలన్నీ ఒకే ఫైల్లో ఉన్నవే మరి.

మొదట అప్పుల ఫంక్షన్లన్నీ తీసి అప్పు.సి లో పెట్టి, మెయిన్.సి పైన దాన్నే ఇన్‌క్లూడ్ చేశాను. నడిచింది. అయిపోయిందనుకున్నా. వారం తర్వాత ఫోల్డర్లో ఉన్న .సి ఫైళ్లన్నీ కలిపి జీసీసీకి (సి కోడ్‌ని కంప్యూటర్ నడిపే రూపంలోకి మార్చే కంపైలర్) ఇస్తే, అప్పు.సి లో ఉన్న ప్రతి ఫంక్షన్‌కీ ‘మల్టిపుల్ డెఫినిషన్’ అని ఎర్రర్. ఇన్‌క్లూడ్ అంటే ఆ ఫైల్లో ఉన్నదంతా తెచ్చి అక్కడ అతికించడమే అని నాకు అప్పుడు తెలిసింది. కంపైలర్ ఒక్కో .సి ఫైలునీ విడివిడిగా చూస్తుంది, పక్క ఫైల్లో ఏముందో దానికి తెలియదు, ఒక్కోదానికి ఒక ఆబ్జెక్ట్ ఫైలు (మెషిన్ కోడ్ ముక్క) తయారుచేస్తుంది, చివర్లో లింకర్ వాటిని కలుపుతుంది. నా ఫంక్షన్లు మెయిన్‌తో పాటు ఒకసారి, సొంతంగా ఇంకోసారి, మొత్తం రెండు ఆబ్జెక్ట్ ఫైళ్లలోకి వెళ్లిపోయాయి. ఇది బుర్రకెక్కాక ఏది ఎక్కడ పెట్టాలన్న టెన్షన్ చాలావరకు తగ్గింది: పక్క ఫైళ్లకు తెలియాల్సిన డిక్లరేషన్లు (ఫలానా పేరుతో ఇది ఉందని చెప్పే లైన్లు) హెడర్లో, అంటే .హెచ్ ఫైల్లో, అసలు పని .సి లో, బయటికి అక్కర్లేని చిన్న ఫంక్షన్ల ముందు స్టాటిక్ అనే పదం.

అయినా ఒక తప్పు మిగిలింది. మొత్తం పొదుపు దాచే గ్లోబల్ వేరియబుల్‌ని హెడర్లోనే, ఎక్స్‌టర్న్ (అసలుది వేరే చోట ఉందని చెప్పే పదం) లేకుండా రాశాను. కాలేజీ ల్యాబులోని పాత లైనక్స్‌లో చక్కగా నడిచింది, ఇంట్లో కొత్తదానిలో మళ్లీ అదే మల్టిపుల్ డెఫినిషన్. ఒక సాయంత్రమంతా నా కోడ్‌నే అనుమానించాను. విషయం ఏమిటంటే, పాత జీసీసీ అలాంటి వేరియబుల్స్‌ని కలిపేసి ఒకటిగా చూసేది, 2020లో వచ్చిన జీసీసీ 10 నుంచి ఆ పద్ధతి డిఫాల్ట్‌గా ఆగిపోయింది. హెడర్లో ఎక్స్‌టర్న్‌తో డిక్లరేషన్, ఏదో ఒక్క .సి లో డెఫినిషన్ పెడితే రెండు చోట్లా నడుస్తుంది.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది మాత్రం ఎర్రర్ రాని తప్పు. అప్పటికి మేక్‌ఫైల్ (ఏది మారితే ఏది మళ్లీ కంపైల్ చేయాలో మేక్ అనే ప్రోగ్రామ్‌కి చెప్పే ఫైలు) రాసుకున్నాను, ప్రతి ఆబ్జెక్ట్ ఫైలూ దాని .సి మీద ఆధారపడుతుందని చెప్పాను, హెడర్ సంగతి రాయలేదు. సభ్యుల స్ట్రక్ట్‌లో (ఒకరి వివరాలన్నీ వరసగా కలిపి ఉంచే రకం) 32 అక్షరాల పేరు, దాని వెనకే పొదుపు సొమ్ము ఉండేవి. ఆ రెండిటి మధ్య అప్పు వాయిదా నంబరు చేర్చి, మెయిన్.సి లో దాన్ని నింపి, మేక్ కొట్టి, అమ్మకి చూపించాను. మొదటి పేరు అమ్మదే. ‘‘మూడేళ్ల నుంచి కడుతుంటే నా పొదుపు ఏడు రూపాయలేనా నాన్నా?’’ అంది. ఉండాల్సింది 3,600. రెండో పేరు చోట ఖాళీ, పక్కన సున్నా. మెయిన్.సి కొత్త స్ట్రక్ట్‌తో కంపైల్ అయింది, ప్రింట్ చేసే ఫైలుని నేను ముట్టుకోలేదు కాబట్టి అది పాత కొలతతోనే ఉండిపోయి, సొమ్ము ఉండే చోట వాయిదా నంబరుని చదివింది. జీసీసీకి -ఎమ్ఎమ్‌డీ అని ఇస్తే ఏ .సి ఏ హెడర్లని వాడుతోందో తనే ఒక .డి ఫైల్లో రాసి పెడుతుంది, వాటిని మేక్‌ఫైల్లో ఇన్‌క్లూడ్ చేసుకుంటే చాలు. డబ్బు లెక్కలు రాసేవాళ్లు దయచేసి మొదటి రోజే ఇది పెట్టుకోండి.

ఇన్‌క్లూడ్ గార్డులు (ఒకే హెడర్ రెండుసార్లు చేరకుండా ఆపే లైన్లు) కూడా అప్పుడే పెట్టాను, ఒకే హెడర్ రెండు దారుల్లో వచ్చి స్ట్రక్ట్ రీడెఫినిషన్ అనేసరికి. పెద్ద ప్రాజెక్టుల్లో లాగా ఫోల్డర్ల మీద ఫోల్డర్లు మాత్రం పెట్టుకోలేదు, అయిదారు ఫైళ్లకి అవి అక్కర్లేదు.

పోయిన ఆదివారం, ఆలస్యంగా కట్టినవాళ్లకి పది రూపాయల జరిమానా చేర్చమంది అమ్మ. జరిమానా.సి, జరిమానా.హెచ్ అని కొత్త జత పెట్టి మేక్ కొట్టాను. ఆ ఫైలూ, దాన్ని పిలిచే మెయినూ, రెండే కంపైల్ అయ్యాయి.