గ్రూప్-2 కోసం కరెంట్ అఫైర్స్ నేనెలా చదివాను

గ్రూప్స్‌కి చదివేవాళ్లని కదిపి చూడండి. పాలిటీ కష్టమనేవాళ్లు కొందరుంటారు, ఎకానమీ కొరుకుడు పడదనేవాళ్లు కొందరుంటారు. కరెంట్ అఫైర్స్ దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరిదీ ఒకటే మాట: ఎంత చదివినా నిలవదు. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో నా చుట్టూ కూర్చున్నవాళ్ల బల్లల మీద మంత్లీ మ్యాగజైన్లు దొంతర్లుగా ఉండేవి. వాటిలో అవార్డులు, నియామకాలు, ఆటలు ఎలాగూ బట్టీ పట్టాల్సినవే. కానీ సైన్స్, జాగ్రఫీ, హెల్త్, డిఫెన్స్ అలా బట్టీకి లొంగేవి కావు, అలా చదవాల్సిన అవసరమూ లేదు. ఈ నాలుగింటినీ తెలుగు మీడియంలో చదువుకుంటూ నేను ఎలా దాటానో చెప్తాను. తెలంగాణ గ్రూప్-2 రాశాను కాబట్టి ఉదాహరణలన్నీ ఆ రోజులవే.

ఒక పెద్ద లాంగ్ నోట్‌బుక్ తీసుకున్నాను. ఎడమ పేజీలో వార్త: ఏం జరిగింది, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చేశారు. అంతకుమించి ఒక్క ముక్క రాయలేదు. కుడి పేజీ మాత్రం ‘ఎందుకు’ అనే ప్రశ్నకి. ఆ ప్రశ్న నన్ను ఏ స్కూలు పుస్తకం దాకా తీసుకెళ్తే అక్కడిదాకా వెళ్లి, అక్కడ దొరికింది రాసుకున్నాను. కుడి పేజీ నిండని వార్త మీద ఎక్కువ సేపు కూర్చోలేదు.

కులశేఖరపట్నం సంగతే తీసుకోండి. తమిళనాడు తూత్తుకుడి జిల్లాలో ఇస్రో రెండో రాకెట్ ప్రయోగ కేంద్రానికి 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగింది. ఎడమ పేజీకి ఇది చాలు. మరి శ్రీహరికోట ఉండగా ఇంకోటి ఎందుకు? ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ అట్లాసు తెరిచాను. భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతుంది కాబట్టి తూర్పు వైపు ఎగిరే రాకెట్‌కి ఆ వేగం కలిసొస్తుంది. శ్రీహరికోటకి తూర్పున అంతా బంగాళాఖాతమే, పైగా భూమధ్యరేఖకీ మరీ దూరం కాదు. భూస్థిర కక్ష్యకి, అంటే భూమితో పాటే తిరుగుతూ ఒకే చోట నిలిచినట్టుండే దారికి, పంపేవాటికి అది చక్కటి చోటు. ధ్రువాల మీదుగా తిరిగే ధ్రువ కక్ష్యకి వెళ్లాలంటే మాత్రం దక్షిణంగా ఎగరాలి. అట్లాసులో స్కేలు పెట్టి శ్రీహరికోట నుంచి కిందికి గీత గీస్తే దారిలో శ్రీలంక ఉంటుంది. దాని మీదుగా పోకూడదు కాబట్టి రాకెట్ ముందు ఆగ్నేయంగా వెళ్లి, తర్వాత దక్షిణానికి మళ్లుతుంది. ఆ మలుపుకి ఇంధనం ఖర్చవుతుంది. పీఎస్ఎల్‌వీ రాకెట్ ఆ భారాన్ని మోయగలదు. 500 కిలోల స్థాయి ఉపగ్రహాల కోసం తయారైన చిన్న రాకెట్ ఎస్ఎస్ఎల్‌వీకి అది పెద్ద దెబ్బ, మోసే బరువు బాగా తగ్గిపోతుంది. అదే కులశేఖరపట్నం నుంచైతే గీత నేరుగా హిందూ మహాసముద్రంలోకి దిగుతుంది.

ఈ ఒక్క కుడి పేజీలో భూభ్రమణం, అక్షాంశాలు, కక్ష్యల రకాలు, రాకెట్ల తేడాలు అన్నీ వచ్చేశాయి. దీని మీద స్టేట్‌మెంట్ ప్రశ్న ఎటు తిప్పి అడిగినా జవాబు పెట్టగలననే ధైర్యం వచ్చింది. చంద్రయాన్-3నీ ఇలాగే చదివాను. 2023 ఆగస్టు 23న దిగిందని అందరికీ తెలుసు. ల్యాండర్ విక్రమ్‌నీ, రోవర్ ప్రజ్ఞాన్‌నీ 14 రోజుల పనికే ఎందుకు తయారుచేశారంటే, చంద్రుడి మీద ఒక పగలు మన లెక్కలో దాదాపు 14 రోజులు, అవి నడిచేదేమో సౌరశక్తితో. ఈ సంగతి ఒక్కసారి అర్థమైతే మళ్లీ రివిజన్ అక్కర్లేదు.

సూర్యుణ్ని పరిశీలించే నౌక ఆదిత్య-ఎల్1కి చాలా సమయం పట్టింది. ఎల్1 అనే లాగ్రాంజ్ బిందువు అంటే ఏమిటో తెలుగులో సరిగ్గా చెప్పిన మెటీరియల్ నాకు దొరకలేదు. ఇంటర్ ఫిజిక్స్‌లోని గురుత్వాకర్షణ పాఠం మళ్లీ చదివి, బొమ్మ గీసుకుని నాకు నేనే చెప్పుకున్నాను: సూర్యుడు ఒకవైపు, భూమి ఒకవైపు లాగుతుంటే, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని ఆ చోట ఉన్న నౌక భూమితో సమంగా సూర్యుడి చుట్టూ తిరగగలదు. సూర్యుడికి అడ్డంగా ఏదీ రాదు, గ్రహణాలుండవు. 2024 జనవరి 6న అది ఆ కక్ష్యలోకి చేరింది.

పరీక్షకి సరిగ్గా కొద్ది రోజుల ముందు, 2024 డిసెంబర్ 4 పొద్దున, ములుగు జిల్లాలో భూకంపం వచ్చింది. తీవ్రత 5.3. హైదరాబాద్‌లోనూ తెలిసింది. రూములో స్టవ్ మీద టీ మరుగుతుండగా అల్మారా తలుపు దానంతటదే టకటకమని కొట్టుకుంది. మా ఊరు అటువైపే. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ, ‘గూట్లో గిన్నెలు పడ్డయి బిడ్డా, అందరం బయటనే నిలబడ్డం’ అంది. అందరూ క్షేమమని తెలిశాక కూడా గుండెదడ కాసేపటిదాకా తగ్గలేదు.

పేపర్ అప్పటికే తయారై ఉంటుంది, ఇది బిట్‌గా రాదు, వదిలెయ్యమంది మా రూమ్మేట్. నాకు వదలబుద్ధి కాలేదు. దక్కన్ పీఠభూమి స్థిరమైన పాత భూభాగమని చిన్నప్పటినుంచీ చదువుకున్నాం కదా, మరి ములుగులో ఎందుకొచ్చినట్టు? గోదావరి పొడవునా భూమి పగుళ్ల మధ్య దిగబడిన ఒక లోయ ఉంది. ఆ పగుళ్ల వెంట ఒత్తిడి ఇప్పటికీ అప్పుడప్పుడూ విడుదలవుతూ ఉంటుంది. 1969లో భద్రాచలం దగ్గర వచ్చిన 5.7 భూకంపం ఈ పట్టీలోదే. తెలంగాణలో ఎక్కువ భాగాన్ని భూకంప ముప్పు తక్కువున్న జోన్-2లో చూపించిన అప్పటి మ్యాపులో గోదావరి పరీవాహకం అంతకన్నా ముప్పు ఎక్కువున్న జోన్-3లో ఉండటానికి కారణం ఇదే. సింగరేణి బొగ్గు ఇంత పొడవునా గోదావరి వెంటే ఎందుకు ఉందన్నదానికి జవాబు కూడా ఈ లోయే: అది దిగబడుతున్నకొద్దీ గోండ్వానా కాలపు మట్టీ ఇసుకా పొరలు పొరలుగా పేరుకుని, వాటి మధ్య పూడిపోయిన చెట్లు బొగ్గయ్యాయి. ఒక వార్తలోంచి తెలంగాణ జాగ్రఫీలో సగం పాఠం బయటికొచ్చింది. ఆ పేజీ రాసినందుకు ఇప్పటికీ సంతోషంగా ఉంది.

హెల్త్‌లో నాకు బాగా పనికొచ్చింది మా వదిన. ఆమె ఏజెన్సీ ప్రాంతంలో ఏఎన్ఎం. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు మీద జాతీయ సికిల్ సెల్ మిషన్ 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాదోల్‌లో మొదలైందని, 2047 నాటికి నిర్మూలన లక్ష్యమని నేను రాసుకుంటుంటే, వదిన పరీక్ష ఎలా చేస్తారో వీడియో కాల్‌లో చూపించింది. ట్యూబులోని ద్రావణంలో రక్తపు చుక్క కలిపి, వెనకాల నల్లగీతల కార్డు పెట్టింది. గీతలు కనిపిస్తే సరే. మసకబారి కనిపించకపోతే మళ్లీ పెద్ద పరీక్షకి పంపాలి. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ ఆ జన్యువు వస్తే జబ్బు, ఒకరి నుంచే వస్తే వాహకులు. వాహకులకి మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. మలేరియా ఎక్కువగా ఉన్న అడవి ప్రాంతాల్లోనే ఈ జన్యువు నిలిచిపోవడానికి కారణం అది. అక్కడి నుంచి మలేరియా పేజీకి వెళ్లాను: ప్లాస్మోడియం, అనాఫిలిస్ దోమ, 2021లో డబ్ల్యూహెచ్‌వో సిఫార్సు చేసిన ఆర్‌టీఎస్,ఎస్ టీకా, 2023 అక్టోబర్‌లో సిఫార్సు చేసిన ఆక్స్‌ఫర్డ్-సీరమ్ వాళ్ల ఆర్21. నిర్మూలన కార్యక్రమాల తేదీలు నాకు ఊరికే గుర్తుండేవి కావు, వదిన చూపించిన ఆ ట్యూబుతో పాటు అన్నీ గుర్తున్నాయి.

డిఫెన్స్ గురించి నిజం చెప్పాలంటే ఇందులో సగానికి బట్టీ తప్పదు. సంయుక్త సైనిక విన్యాసాలే చూడండి: సూర్య కిరణ్ నేపాల్‌తో, మిత్ర శక్తి శ్రీలంకతో, గరుడ శక్తి ఇండోనేషియాతో, వరుణ ఫ్రాన్స్ నౌకాదళంతో. వీటికి కుడి పేజీ ఉండదు. గోడకి కాగితం అంటించుకుని పళ్లు తోముకునేటప్పుడు చదివాను. ఆయుధాల భాగం అలా కాదు. ఐఎన్ఎస్ అరిఘాత్ 2024 ఆగస్టు 29న విశాఖలో నౌకాదళంలో చేరింది. అణు జలాంతర్గామి అంత ముఖ్యమెందుకు? అణ్వస్త్రాన్ని ముందుగా మనం వాడబోమన్నది మన విధానం. అలాంటప్పుడు శత్రువు మొదటి దెబ్బ తర్వాత కూడా తిరిగి కొట్టగలిగేది మిగలాలి, సముద్రం అడుగున దాగినదాన్ని వెతికి పట్టుకోవడం అన్నిటికన్నా కష్టం. 2024 మార్చి 11న అగ్ని-5తో చేసిన ‘మిషన్ దివ్యాస్త్ర’నీ ఈ పేజీలోనే రాసుకున్నాను. ఒకే క్షిపణి వేర్వేరు లక్ష్యాల మీదికి వేర్వేరు వార్‌హెడ్లని వదిలే పద్ధతి అది.

తేదీల్లో తేడా వస్తే కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార సంస్థ పీఐబీ ప్రకటనే ప్రమాణంగా పెట్టుకున్నాను, చాలావరకు తెలుగులోనూ ఉంటాయి. చివరి వారాల్లో ఎడమ పేజీలని మాత్రమే తిప్పాను. కుడి పేజీలు అప్పటికే నోటికి వచ్చేశాయి. డిసెంబర్ 15న పేపర్-1లో నేను పెట్టిన కరెంట్ అఫైర్స్ జవాబుల్లో చాలావాటిని తేదీతో కాదు, కారణంతో ఆప్షన్లు కొట్టేసి పట్టుకున్నాను. ఏపీపీఎస్సీ రాసేవాళ్లకి ఇది ఇంకా అవసరం, అక్కడ తప్పు జవాబుకి మూడో వంతు మార్కు కోత ఉంటుంది.

ఇప్పుడు మా తమ్ముడు అదే నోట్‌బుక్ ముందుకు నడుపుతున్నాడు. వాడి తాజా పేజీ, నేలని రెండు రాడార్లతో గమనించే నైసార్ ఉపగ్రహం: 2025 జులై 30, జీఎస్ఎల్‌వీ-ఎఫ్16, శ్రీహరికోట. ‘రెండు రాడార్లు ఎందుకక్కా, ఒకటి చాలదా?’ అని అడిగాడు. ఎల్-బ్యాండ్ తరంగం పొడవెక్కువ, చెట్ల ఆకుల్లోంచి నేల దాకా దిగుతుంది. ఎస్-బ్యాండ్ పొట్టిది, పంటల్లాంటి తక్కువ ఎత్తు పచ్చదనాన్ని బాగా పడుతుంది. మొదటిది నాసాది, రెండోది ఇస్రోది. 12 రోజులకోసారి అదే చోటుని మళ్లీ చూసి, నేల సెంటీమీటర్లలో కదిలినా పట్టేస్తుంది. నేను చెప్తుంటే వాడు గబగబా కుడి పేజీలో రాసుకుని, ములుగు పేజీ నంబరు కూడా పక్కన వేసుకున్నాడు.