సూట్‌కేసులో ఒప్వాతెక్

పోలండ్ నుంచి వచ్చి నాలుగు రోజులైనా సూట్‌కేసు అలాగే పడి ఉందని పొద్దున ఖాళీ చేస్తుంటే, చిన్నదాని స్వెటర్ల మధ్య ఆ తెల్ల కవరు కనబడింది. లోపల పిండి రేకు మూడు ముక్కలైంది. పోస్టుకార్డంత ఉంటుంది, అప్పడం కంటే పల్చన. మీద పశువుల పాక, బాలయేసు ఉబ్బెత్తుగా అచ్చు. పగులు సరిగ్గా మరియమ్మ తల మీదుగా పోయింది. ఒంటిగంట దాటింది, నిద్ర పట్టట్లేదు.

క్రిస్మస్‌కి పోలండ్‌లో క్రాకొవ్ వెళ్లాం, దాని గురించి రాస్తానన్నాను కదా. అసలైతే అక్కడి డిసెంబరు 24, క్రిస్మస్ ముందురోజు, మీదున్న కోపమంతా వెళ్లగక్కుదామనుకున్నాను. పోలండ్‌లో 2025 నుంచి 24 కూడా సెలవే. ఈయనకు ముందే చెప్పాను, తినడానికి ఏమైనా కొని పెట్టుకుందామని. "అంత పెద్ద ఊళ్లో ఒక్క హోటలైనా తెరిచి ఉండదా, చూసుకుందాంలే" అన్నారు. మధ్యాహ్నం రెండు దాటేసరికి పెద్ద చౌక్‌లో క్రిస్మస్ అంగళ్లు సర్దేస్తున్నారు. నాలుగింటికే చీకటి. షట్టర్లన్నీ దించేశారు. ట్రాములు ఎప్పటికోగాని ఒకటి రావట్లేదు. చలికి చిన్నదాని ముక్కు ఎర్రబడిపోయింది, ఆకలని ఏడుపు.

పొద్దున గైడ్ చెప్పిన మాటలే చెవిలో తిరుగుతున్నాయి. ఆ రాత్రి విందుని విగీలియా అంటారు. ఆకాశంలో మొదటి చుక్క పొడిచాక కూర్చుంటారు. బల్ల గుడ్డ కింద కాస్త ఎండుగడ్డి పరుస్తారు. మాంసం లేకుండా పన్నెండు రకాలు: బీట్‌రూట్ చారు, క్యాబేజీ పుట్టగొడుగులు కూరిన పియెరోగి అనే కుడుములు, కార్ప్ చేప. చెప్పాపెట్టకుండా వచ్చే అతిథి కోసం ఒక పళ్లెం అదనంగా వేసి ఉంచుతారు. ప్రతి కిటికీలో దీపం, లోపల మనుషులు. కింద రోడ్డు మీద ఆకలితో పిల్ల. ఆ పళ్లెం ఎవరి కోసం మరి? నిజంగా మండిపోయింది నాకు. గదికొచ్చి మిగిలిన బ్రెడ్డు, చింతకాయ పచ్చడితో కానిచ్చాం. ఈయనతో మాట్లాడలేదు. సెయింట్ మేరీస్ చర్చి గోపురం మీంచి గంటగంటకీ ఊదే బూర, మధ్యలో ఠక్కున ఆగిపోతుందే, అది కూడా చిరాకేసింది.

అర్ధరాత్రి పూజకు మాత్రం వెళ్లాం. కాలు పెట్టే సందు లేదు. అంతమంది ఒక్క గొంతుతో పాడుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

కవరు సంగతి చెప్పలేదు. ఆ సాయంత్రం చౌక్ నుంచి ఓసారి గదికొచ్చి, కోట్లు విప్పకుండానే తిండి వెతుక్కోవడానికి మళ్లీ బయల్దేరుతుంటే కింది వాటాలో ఉండే ఇంటావిడ వచ్చింది. మా అమ్మ వయసుంటుంది. కవర్లోంచి ఈ రేకు తీసి రెండు చేతులతో నా ముందుకు చాపింది. నేను థాంక్స్ చెప్పి తీసుకుని, జాగ్రత్తగా కవర్లో పెట్టేశాను. ఆవిడ ఇంకాసేపు అలాగే నిలబడింది. నవ్వింది. నేనూ నవ్వి తలుపేశాను.

వార్సాలో రెండేళ్లు ఉండొచ్చిన అమ్మాయి ఉంది మా ఆఫీసులో. ఇవాళ అడిగితే చెప్పింది. దాన్ని ఒప్వాతెక్ అంటారట. పూజలో ఇచ్చే అప్పం కాదు, ఇంట్లో పంచుకునేది. నేనో ముక్క విరుచుకోవాలి, ఆవిడో ముక్క విరుచుకోవాలి, ఒకరికొకరు మంచి కోరుకుని తినాలి. అది అయ్యాకే బల్ల దగ్గర కూర్చుంటారట. అంటే ఆవిడ నేను విరుస్తానని నిలబడింది.

అమ్మమ్మ గుర్తొచ్చింది. గుంటూరులో మా పక్కిల్లు మరియమ్మ పిన్ని వాళ్లది, ఆర్.సి.యం. వాళ్లు, అంటే రోమన్ కాథలిక్కులు. డిసెంబరు రాగానే వెదురు బద్దల నక్షత్రానికి ఎర్ర కాగితం అంటించి, లోపల బల్బు పెట్టి డాబా మీద కట్టేవాళ్లు. పాక కోసం వరిగడ్డి మా దొడ్లోంచే పట్టుకెళ్లేది పిన్ని. పండగ రోజు మా పిల్లలకు అరిసెలు, కజ్జికాయలు. అమ్మమ్మ బయట వండింది ముట్టదని తెలుసు కనక, ఆవిడకు వేరే స్టీలు పళ్లెంలో అరటిపళ్లు, బెల్లం. అమ్మమ్మ ఆ పళ్లెం ఒక్కసారి కూడా ఖాళీగా పంపలేదు. ఏమీ లేకపోతే చెట్టున నాలుగు నిమ్మకాయలైనా కోయించి వేసేది. "ఉండవే మరియమ్మా" అని పిన్నిని గుమ్మంలో నిలబెట్టి మరీ.

నేను ఆవిడను వట్టి చేతులతో పంపాను. కిందికి రమ్మని పిలిచేదేమో తెలియదు, పిలవకపోనూవచ్చు. వీధిలో నడుస్తూ కిటికీలన్నిటినీ తిట్టుకున్నాను, మా గుమ్మంలోకి వచ్చిన మనిషిని మాత్రం నిలబెట్టలేదు. ఈయన మీద కోపం కూడా ఇప్పుడు లేదు.

ఇందాక ముక్కలు పళ్లెంలో పేర్చి ఫోటో తీసి ఆవిడకు వాట్సాప్‌లో పంపాను. అంచున కాస్త విరిచి నోట్లో వేసుకున్నాను, ఏ రుచీ లేదు, నాలుక మీద కరిగిపోయింది. అక్కడ ఇంకా ఎనిమిదిన్నరే. రెండు టిక్కులు పడ్డాయి, ఇంకా నీలం కాలేదు.