సాయిబులందరూ ఒకటేనా? పాస్‌పోర్ట్ పేరు నుంచి రొయ్యల వేపుడు దాకా

నెల్లూరు, ప్రకాశం జిల్లాల మెట్ట ఊళ్ల నుంచి కువైట్‌కో దుబాయ్‌కో బయల్దేరే ముస్లింలకి మొదటి చిక్కు పేరు దగ్గరే వస్తుంది. మనవైపు సాయిబులు అచ్చం తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందు రాస్తారు: షేక్ మస్తాన్‌వలీ, సయ్యద్ ఖాదర్‌బాషా, పఠాన్ నాగూర్‌ఖాన్. అరబ్బుల వరస వేరు. ముందు సొంత పేరు, తర్వాత తండ్రి పేరు, ఆపైన తాత పేరు, చివర తెగ పేరు. కాబట్టి అక్కడి కౌంటర్లో 'షేక్' అన్నదే మనిషి పేరనుకుంటారు. పైగా గల్ఫ్‌లో ఆ మాట పాలక కుటుంబంవాళ్లకో, మతపండితులకో పెట్టే గౌరవ పదం.

పాస్‌పోర్ట్‌కి దరఖాస్తు పెట్టేటప్పుడే సర్‌నేమ్ గడి, గివెన్ నేమ్ గడి రెండూ నింపండి. 2022 నవంబరులో యూఏఈ ఒకే గడిలో ఒకే పేరున్న పాస్‌పోర్ట్ మీద విజిట్ వీసాతో వచ్చేవాళ్లని రానివ్వమంది. తర్వాత కొంచెం సడలించి, పాస్‌పోర్ట్ రెండో పేజీలో తండ్రి పేరు ఉంటే చాలంది. వీసా, టికెట్, మెడికల్ రిపోర్ట్ మూడింట్లోనూ పాస్‌పోర్ట్‌లో ఉన్న స్పెల్లింగే ఉండాలి. షేక్ అన్న పేరునే ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాసేవాళ్లున్నారు. మస్తాన్‌వలీని ఒక కాగితంలో కలిపి, ఇంకో కాగితంలో విడదీసి రాస్తారు. పని ఆగేది సరిగ్గా అక్కడే. ఈ తిప్పలు మనకొక్కరికే కాదు. జావా ముస్లింలలో చాలామందికి ఉండేది ఒకటే పేరు. ఇండోనేషియాని ఏలిన సుకర్ణో, సుహార్తో ఇద్దరికీ ఇంటిపేరు లేదు.

ఇక మన జిల్లాల సంగతి. ఇక్కడే ఎన్ని రకాలో! దూదేకులవాళ్లు, అంటే నూర్‌బాషాలు, దూది ఏకడం కులవృత్తిగా ఉన్నవాళ్లు. ఇళ్లల్లో మాట్లాడేది తెలుగే. షేక్, సయ్యద్, పఠాన్ ఇళ్లల్లో ఎక్కువగా దక్కనీ ఉర్దూ వినబడుతుంది. సర్టిఫికెట్ల దగ్గర ఈ తేడా బాగా పనిచేస్తుంది. దూదేకుల బీసీ-బీలో ఉంది, ఆ గ్రూపుకి 10 శాతం రిజర్వేషన్. 2007 చట్టంతో వచ్చిన బీసీ-ఈలో షేక్, లబ్బీ, అత్తర్ సాయిబులు, ఫకీర్, ఖురేషీ లాంటివాళ్లున్నారు, వాళ్లకి 4 శాతం. సయ్యద్, పఠాన్, మొఘల్, అరబ్, ఇరానీ, బోహ్రా, ఖోజా, కచ్చీ మెమన్, నవాయత్‌లను ఆ చట్టం పేరుపేరునా బయట పెట్టింది. ముస్లింలు ఏయే దేశాల నుంచి, ఏయే దారుల్లో ఇక్కడికి వచ్చారో చెప్పడానికి ఆ మినహాయింపుల జాబితా ఒక్కటి చాలు! దూదేకుల కుటుంబాల్లోనూ షేక్ అని రాసుకునేవాళ్లున్నారు. అలాంటివాళ్లు పిల్లాడిని బడిలో చేర్చేరోజే కులం గడిలో ఏం రాస్తున్నారో చూసుకోవాలి. టీసీలో ఒకటి, తండ్రి సర్టిఫికెట్లో ఇంకొకటి ఉంటే ఇంటర్ తర్వాత కౌన్సెలింగ్ నాటికి మండలాఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది.

మస్తానయ్య, మస్తానమ్మ అన్న పేర్లు హిందువుల ఇళ్లల్లోనూ ఉన్నాయి, కసుమూరు మస్తాన్‌వలీ దర్గా చలవ. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకునేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు. అదే ఊళ్లో దర్గాలకి మొక్కడం తప్పనే అహ్లె హదీస్‌వాళ్లూ ఉన్నారు, వాళ్లు దర్గా గడప తొక్కరు. ఈ వాదన ప్రపంచమంతా నడుస్తోంది. సెనెగల్‌లో తూబా పట్నానికి అమదూ బంబా పేరు మీద ఏటా లక్షల మంది వెళ్తారు. మదీనాలో జన్నతుల్ బఖీ గోరీల మీది గుమ్మటాలను 1920లలో సౌదీ పాలకులు కూల్చేశారు. ఒకళ్లకి భక్తి అయినది ఇంకొకళ్లకి షిర్క్, అంటే దేవుడికి సాటి కల్పించే పాపం.

ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా (1924–1999) నాదస్వరం గుడి ఉత్సవాల్లో మోగింది. ఆయన శ్రీరంగంలో స్థిరపడ్డారు, సంగీత కళానిధి అందుకున్నారు. దీన్ని వింతగా చెప్పుకునేవాళ్లు జావా వైపు చూడాలి. అక్కడ వాయాంగ్ కులిత్ అనే తోలుబొమ్మలాటలో రాత్రంతా రామాయణ భారతాలు ఆడించే దలాంగులు ఎక్కువమంది ముస్లింలే.

ప్రపంచంలో ముస్లింలు దాదాపు 200 కోట్లు. అందులో అరబ్బులు అయిదో వంతుకి అటూఇటూ. జనాభాలో ముందున్న నాలుగు దేశాలు ఇండోనేషియా, పాకిస్తాన్, ఇండియా, బంగ్లాదేశ్. ఒక్కటీ అరబ్ దేశం కాదు. చైనాలో హుయ్ ముస్లింలు మాట్లాడేది చైనీసే. హెనాన్ ప్రాంతంలో వాళ్ల ఆడవాళ్లకి వేరే మసీదులు, వాటిని నడిపే మహిళా అహోంగ్‌లు, అంటే ఇమాములు, ఉన్నారు. సుమత్రాలోని మినాంగ్‌కబౌ ముస్లింలలో ఇల్లూ పొలమూ తల్లి నుంచి కూతురికి వెళ్తాయి. సహారాలోని తువారెగ్‌లలో ముఖం కప్పుకునేది మగవాళ్లు.

నమాజు పద్ధతుల్లో తేడా ఎక్కడిదంటే, ఇస్లాం ఏ దారిలో వచ్చిందన్నదాన్ని బట్టి. తురుష్కులు, అఫ్గాన్లు నేలదారిన తెచ్చిన చోట హనఫీ పద్ధతి స్థిరపడింది: టర్కీ, మధ్య ఆసియా, పాకిస్తాన్, ఉత్తర భారతం, దక్కన్. యెమెన్ హద్రమౌత్ వర్తకులు రుతుపవనాలతో ఓడల మీద వెళ్లిన చోట షాఫయీ: మలబారు, తూర్పు ఆఫ్రికా తీరం, ఇండోనేషియా, మలేషియా. మన జిల్లాలకి సముద్రం ఉన్నా పాలన ఆర్కాటు నవాబులది కాబట్టి ఇక్కడ హనఫీయే ఎక్కువ. పులికాట్ సరస్సు దక్షిణపు ఒడ్డున పళవేర్కాడుకి వెళ్తే మరక్కాయర్లనే తమిళ ముస్లింలు షాఫయీలు, అరబ్బీ లిపిలో తమిళం రాసుకున్నవాళ్లు. మొరాకో నుంచి నైజీరియా దాకా మాలికీ, ఒమన్‌లో ఇబాదీ, ఇరాన్‌లో షియా జాఫరీ.

గల్ఫ్‌కి కొత్తగా వెళ్లినవాళ్లకి ఈ తేడా తెలిసేది అసర్, అంటే సాయంత్రపు నమాజు, దగ్గర. మిట్టమధ్యాహ్నపు నీడని మినహాయించి, వస్తువు నీడ దాని ఎత్తుకి సమానం కాగానే హనఫీ కాని మూడు సున్నీ పద్ధతుల్లో (షాఫయీ, మాలికీ, హంబలీ) అసర్ వేళ అవుతుంది. హనఫీలో నీడ రెండింతలు కావాలి. మన అక్షాంశంలో తేడా సుమారు గంట. నెల్లూరు టైమింగ్ పెట్టుకున్న ఫోన్ యాప్‌ని నమ్ముకుంటే అక్కడ జమాత్ (అందరూ కలిసి చేసే నమాజు) అయిపోయాక చేరతారు. సెట్టింగుల్లో అసర్ లెక్కని హనఫీ నుంచి స్టాండర్డ్‌కి మార్చుకోవాలి. పక్కన సూడాన్ మనిషి చేతులు కట్టుకోకుండా వదిలేసి నిలబడితే అది మాలికీలలో వాడుక, తప్పు పట్టొద్దు. గదిలో షియా ఉంటే ఇఫ్తార్‌కి ఆయన తూర్పున ఎరుపు పోయేదాకా, పది పదిహేను నిమిషాలు ఆగుతాడు. ఆయన వంతు పండ్లు పక్కన ఉంచండి.

తిండి విషయం మనవాళ్లకి, అందులోనూ చెరువుల నిండా వెనామీ రొయ్య పెంచేవాళ్లకి, బాగా పనికొస్తుంది. కృష్ణపట్నం ఓడల మనుషులకో, రొయ్యల కొనుగోలుదార్లకో విందు పెట్టేవాళ్లు హలాల్ మాంసం తెచ్చి ఇక అయిపోయిందనుకుంటారు. షాఫయీ అయిన ఇండోనేషియావాళ్లకి సముద్రంలో దొరికే దాదాపు ప్రతిదీ సమ్మతమే. హనఫీలలో చేప మాత్రమే హలాల్. పీత కూడదు, రొయ్య చేపా కాదా అని పండితులే రెండుగా చీలారు, తినేవాళ్లూ ఉన్నారు, మానేవాళ్లూ ఉన్నారు. షియాలకి పొలుసున్న చేప, రొయ్య పర్లేదు. పీత, సొర, వాలుగ, జెల్ల కూడవు. ఎవరొస్తున్నారో తెలియకపోతే కొర్రమేను పులుసు పెట్టండి. పొలుసుంది, చేపే, ఎవరికీ పేచీ లేదు. రొయ్యల వేపుడు వేరే గిన్నెలో, వేరే గరిటెతో.

రంజాన్‌లో అయితే తమిళంవైపు నోంబు గంజి అందరికీ సరిపోతుంది. పదిమందికి అరకిలో నూక, 100 గ్రాముల పెసరపప్పు, చెంచాడు మెంతులు, 200 గ్రాముల కీమా, అయిదు లీటర్ల నీళ్లు. కీమాని అల్లం వెల్లుల్లి, ఉల్లి, టమాటాతో వేయించి, మిగతావి వేసి సన్నమంట మీద గంటకి పైగా అడుగంటకుండా కలుపుతూ ఉడికించాలి. ఒక కొబ్బరికాయ పాలు దించాక కలపండి. పొయ్యి మీద మరిగితే విరుగుతాయి. మెంతులు చెంచా దాటితే చేదు. పొద్దుననగా వండితే సాయంత్రానికి గట్టిపడుతుంది, వేడినీళ్లు పోసి పలచన చేయాలి.

పండుగ శుభాకాంక్షలు చెప్పే ముందు తేదీ కనుక్కోండి. సౌదీలో నెలవంక ప్రకటన మనకన్నా ఒకరోజు ముందు రావడం మామూలే. ఇండోనేషియాలో ముహమ్మదియా సంస్థ లెక్కకట్టి తేదీ ముందే చెబుతుంది, ప్రభుత్వం నెలవంకని చూశాక చెబుతుంది. ఒకే వీధిలో రెండు రోజులు ఈద్ జరిగిన ఏళ్లున్నాయి.