వాన లెక్క, బావి లెక్క ఒకే పుస్తకంలో ఉండాలి

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురుస్తుందని చాలామందికి తెలుసు. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమలు దాటేసరికి తేమను చాలావరకు పోగొట్టుకుంటాయి. తీరానికి ఇంత దూరంలో ఉన్న నేలకు చేరేసరికి ఈశాన్య రుతుపవనాలూ బలహీనపడతాయి. అందుకే దేశంలోని శుష్క మండలాల గురించి మాట్లాడేటప్పుడు రాజస్థాన్ తరువాత ఈ ప్రాంతం పేరు వినబడుతుంది. అయితే 550 అన్న అంకెను పట్టుకుని ఏ రైతూ రబీలో ఏ పంట పెట్టాలో తేల్చుకోలేడు. ఆ వాన ఏ కార్తెలో పడింది, ఒక్కొక్క వాన ఎంత పడింది, అందులో వేళ్ల కిందకు దిగింది ఎంత అన్నవి తెలిస్తేనే ఆ అంకెకు అర్థం వస్తుంది.

వాతావరణ శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లు, అంతకు మించి పడిన రోజు వర్షపు రోజు. ఆ కాస్తే పడిన రోజు పైరుకు కొంత ఊరట ఇవ్వవచ్చు గాని, భూగర్భజలానికి దానివల్ల కలిగే మేలు ఏమీ లేదు. ఐదేసి మిల్లీమీటర్ల వానలు పది కురిసినా, ఒకే వాన 50 మిల్లీమీటర్లు కురిసినా నెల చివర కాగితం మీద మొత్తం ఒకటే. ఏటా ఇక్కడి నేల, పైరు కలిసి ఆవిరి చేయగల నీరు కురిసే వానకు మూడింతలకు పైగా ఉంటుంది కనుక మొదటి రకం వాన పైమట్టిని తడిపి రెండు రోజులలో గాలిలో కలిసిపోతుంది. రెండవ రకం వాన అప్పటికే పదునెక్కిన నేల మీద పడితే లోపలికి ఇంకుతుంది. గట్టిపడిన నేల మీద పడితే వంక పట్టి పోతుంది, ఆ వంక కింద కట్ట తెగని చెరువు ఉంటేనే మనకు దక్కుతుంది. అందుచేత రోజువారీ వాన, అదీ ఊరి వాన, నమోదు కావాలి. ఒక చేనులో పడి పక్క ఊరి పొలిమేర దాటని వానలు రాయలసీమలో మామూలే కనుక మండల కేంద్రంలోని వర్షమాపకం ఒక్కటీ చుట్టుపక్కల ఊళ్లన్నిటి తరఫున మాట్లాడలేదు.

వాన సంగతి ఇంతటితో ఆపి నేల లోపలికి వస్తాను, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది.

మన గ్రానైటు ప్రాంతాలలో నీరు నిలిచేది రెండు పొరలలో. పైన రాయి శిథిలమై ఏర్పడిన మెత్తటి పొర, దాని కింద పగుళ్లతో నిండిన రాతి పొర. ఈ రెండూ దాటి కిందకు పోయేకొద్దీ పగుళ్లు అరుదవుతాయి. హైదరాబాదుకు దక్షిణాన ఉన్న మహేశ్వరం పరీవాహక ప్రాంతంలో జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు ఫ్రెంచి భూవిజ్ఞాన సంస్థతో కలిసి ఏళ్ల తరబడి చేసిన కొలతలు ఈ విషయంలో మనకున్న అత్యంత విలువైన సంపద అని నా అభిప్రాయం. సుమారు 53 చదరపు కిలోమీటర్ల ఆ చిన్న ప్రాంతంలో ఏడు వందలకు పైగా బోర్లు ఉన్నాయి. బావులలో మట్టాల ఎగుడుదిగుళ్లను, తోడిన నీటిని పక్కపక్కన పెట్టి చూసినప్పుడు అక్కడి రాయి నుంచి తోడుకోదగిన నీరు ఘనపరిమాణంలో ఇంచుమించు ఒకటిన్నర శాతం మాత్రమేనని తేలింది.

ఈ ఒకటిన్నర శాతం దగ్గర కొంచెం సేపు ఆగాలి. వానాకాలం తరువాత బావిలో నీటిమట్టం ఒక మీటరు పెరిగిందంటే నేలలో చేరినది మీటరు నీరు కాదు, కేవలం 15 మిల్లీమీటర్లు. ఒక మంచి వాన తరువాత బోరులో నీరు గబగబా పైకి రావడం చూసి ఈ ఏడు నీటికి కొదవ లేదని ఊరంతా సంబరపడుతుంది. పగుళ్లలోని ఒత్తిడి పెరిగినా మట్టం అలాగే లేస్తుంది, నాలుగు రోజులు మోటారు ఆడితే అలాగే జారిపోతుంది. ఎనిమిది వందలు, వెయ్యి అడుగుల దాకా బోరు బండితో తవ్వించేవారు కొత్త నీటిని కనుగొన్నామని అనుకుంటారు గాని, ఎక్కువ సందర్భాలలో వారు చేస్తున్నది పై పొరల నీటినే మరింత లోతు నుంచి లాగడం. పొరుగువాని బోరు ఎండిపోవడానికి కారణం కూడా తరచుగా ఇదే.

ఒక లెక్క వేసి చూద్దాం. బంకమన్ను ఎక్కువగా కలిసిన శిథిల గ్రానైటులో వానలో 8 శాతం ఇంకుతుందని భూగర్భజలాల అంచనా కమిటీ 1997లో సూచించిన కొలత. 550 మిల్లీమీటర్లలో అది 44 మిల్లీమీటర్లు, అంటే ఎకరాకు సుమారు 178 ఘనపు మీటర్లు. వరి పైరుకు 1,200 మిల్లీమీటర్లు పెడితే ఎకరాకు 4,850 ఘనపు మీటర్లు తోడాలి. వరి మడికి పెట్టిన నీటిలో దాదాపు సగం తిరిగి నేలలోకి దిగుతుందని మహేశ్వరంలోనే తేలింది కనుక దానిని మినహాయించడం న్యాయం. అలా మినహాయించినా, బోరు కింద ఎకరా వరి పండించడానికి పదమూడు, పద్నాలుగు ఎకరాలలో ఇంకిన ఏడాది వాన ఖర్చవుతుంది. ఊరిలో తాగునీరు, పశువుల నీరు, పండ్ల తోటలు ఇంకా ఈ లెక్కలోకి రానేలేదు. వ్యవసాయానికి కరెంటు ఉచితంగా, చాలాచోట్ల మీటరు లేకుండా వస్తున్నందున ఎవరు ఎంత తోడుతున్నారో ఏ బిల్లులోనూ కనబడదు.

ఈ లెక్కను రైతులే వేసుకోగలరని నిరూపించిన ప్రయత్నం మన దగ్గరే జరిగింది. 2003 తరువాత కొన్నేళ్లపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాలలో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, స్వచ్ఛంద సంస్థల ద్వారా ‘రైతుల నిర్వహణలో భూగర్భజలాలు’ అన్న పథకం నడిచింది. వందలాది గ్రామాలలో స్త్రీలు, పురుషులు వర్షమాపకం చదివారు, పరిశీలక బావులలో నీటి లోతు కొలిచారు, డ్రమ్ము నిండటానికి పట్టే సమయాన్ని బట్టి బోరు ఎంత పోస్తున్నదో లెక్కగట్టారు. ఆ అంకెలను ఊరి గోడ మీద రాశారు. వానాకాలం ముగిసి రబీ విత్తనం పడక ముందే అందరూ కూర్చుని, నేలలో ఎంత ఉంది, వేయాలనుకున్న పంటలకు ఎంత కావాలి అని సరిచూసుకున్నారు. ఫలానా పంట వేయవద్దని ఎవరూ ఎవరినీ శాసించలేదు. లోటు ఎంతో కళ్లెదుట కనబడినప్పుడు వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లినవారు చాలామంది ఉన్నారు. 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కొత్త బోర్లకు అనుమతులు, బోర్ల మధ్య దూరాలు నిర్దేశించింది. చట్టం అవసరమే. అయినా బోరు బండి రాత్రికి రాత్రే వచ్చి తవ్వి వెళ్లిపోయే ఊళ్లలో ఆ గోడ మీది అంకెలకు ఉన్న బలం చట్టానికి లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇప్పుడు పరికరాలకు కొరత లేదు. కేంద్ర భూగర్భజల మండలి తన పరిశీలక బావులలో జనవరి, మే, ఆగస్టు, నవంబరు నెలలలో మట్టాలు కొలుస్తుంది. రాష్ట్ర భూగర్భజల శాఖకు తానంతట తానే మట్టం పంపే పీజోమీటర్లు (నీటిమట్టం కొలవడానికే వేసిన గొట్టపు బావులు) ఉన్నాయి. అయితే నవంబరు కొలత పట్టికగా మారి ఊరికి చేరేసరికి రబీ విత్తనం పడిపోయి ఉంటుంది. అందుకే ప్రతి గ్రామ సచివాలయంలో ఒక వర్షమాపకం, రెండు మూడు పరిశీలక బోర్లు, ఒక కొలత టేపు ఉండాలని, సెప్టెంబరు చివరి వారంలో ఆ అంకెలను రైతుల ముందు పెట్టాలని కోరుతున్నాను. ఉదయం ఎనిమిదిన్నరకు వాన చదవడానికి, మోటారు ఆపి కొన్ని గంటలైన తరువాత నీటి లోతు కొలవడానికి పెద్ద చదువు అక్కరలేదు. రోజూ మానకుండా చేసే మనిషి కావాలి, ఆ మనిషికి చిన్న గౌరవ వేతనం కావాలి.

ఒక సంగతి మాత్రం పాత పద్ధతికి కొత్తగా చేర్చాలి. హంద్రీ-నీవా కాలువ ద్వారా శ్రీశైలం వెనుక జలాలు వచ్చి చేరుతున్న చెరువుల కింద వానకు, బావి మట్టానికి ఉన్న పాత సంబంధం చెదిరిపోయింది. వాన లేని ఏడాదిలో కూడా అక్కడ మట్టం పెరగవచ్చు. అటువంటి ఊళ్లలో వాన, బావి లెక్కలు రాసే పుస్తకంలో చెరువు నీటి మట్టానికి వేరే గడి గీసి, కాలువ నీరు వచ్చిన తేదీలు, ఆగిన తేదీలు రాసిపెట్టాలి. లేకపోతే కృష్ణ నీటిని మన వాన ఖాతాలో జమ వేసుకుని, కాలువ రాని ఏడాది కూడా అదే విస్తీర్ణంలో పంట పెడతాం.