బరువెక్కిన ప్రాడోకు సస్పెన్షన్ మార్పించిన అనుభవం

మెల్‌బోర్న్‌లో మేము వాడుతున్నది 2018 మోడల్ టొయోటా ప్రాడో 150, జీఎక్స్ఎల్ డీజిల్. ఆస్ట్రేలియా లోపలి మట్టి దారుల్లో తిరగడం కోసం దానికి ముందువైపు ఢీకొట్టినా కాపాడే ఉక్కు బుల్‌బార్, ఇరుక్కున్న బండిని తాడుతో లాగే విన్చ్, వెనుక సొరుగుల పెట్టె, ఫ్రిజ్, రెండో బ్యాటరీ, టాప్ మీద ర్యాక్, ఆ ర్యాక్ మీద గుడారం ఒకదాని తర్వాత ఒకటి వచ్చి చేరాయి. క్రమంగా వెనుక భాగం కుంగి, ముందు లైట్ల వెలుగు పైకి లేచి, రాత్రివేళ ఎదురుగా వచ్చేవాళ్లు మాకు డిప్పర్ కొట్టడం మామూలైపోయింది.

స్ప్రింగుల దుకాణానికి వెళ్లే ముందు బండిని తూకం వేయించాను. రెండు ట్యాంకుల్లో కలిపి 150 లీటర్ల డీజిల్, 40 లీటర్ల మంచినీళ్లు, కుక్కరు, బియ్యం సంచి, మా నలుగురితో సహా, ప్రయాణం రోజున ఎలా ఉంటుందో అచ్చం అలాగే నింపి వేబ్రిడ్జి మీదకు తీసుకెళ్లి, ముందు చక్రాలను ఒకసారి, బండి మొత్తాన్ని ఒకసారి, వెనుక చక్రాలను మరోసారి కాటా మీద నిలబెట్టాను. మొత్తం 3,080 కిలోలు తూగింది. ఈ మోడల్‌కు కంపెనీ అనుమతించిన మొత్తం బరువు, అంటే అక్కడ అందరూ జీవీఎం అని పిలిచేది, 2,990 కిలోలు. చట్టం దృష్టిలో మేము 90 కిలోలు ఎక్కువ మోస్తున్నామన్నమాట. ఇరుసుల వారీగా తూచకపోతే బరువు ఎక్కడ పడుతోందో తెలియదు కాబట్టి, ఆ కొద్దిపాటి రుసుముకు దక్కిన చీటీలే ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా చవకైన, ఉపయోగకరమైన వస్తువులని నా అభిప్రాయం.

గట్టి స్ప్రింగులు వేసుకున్నంత మాత్రాన జీవీఎం పెరగదు. కుంగిన బండి పైకి లేస్తుంది గానీ తలుపు దగ్గరి ప్లేటు మీది అంకె మారదు. ఆ అంకెను చట్టబద్ధంగా పెంచుకోవాలంటే, రిజిస్ట్రేషన్‌కు ముందే అయితే సెకండ్ స్టేజ్ మాన్యుఫ్యాక్చర్ అనుమతి కింద చేయించుకోవచ్చు, అది దేశమంతటా చెల్లుతుంది. మాది అప్పటికే రోడ్డు మీద తిరుగుతున్న బండి కనుక, మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో, మార్పులు చేసిన బండ్లను పరిశీలించే వాస్ పద్ధతి కింద గుర్తింపు ఉన్న ఇంజినీరు పరిశీలించి సర్టిఫికెట్ ఇవ్వవలసి ఉంటుంది. అందుకే విడి భాగాలు కాకుండా, ఆ ఇంజినీరు ఒప్పుకునే పరీక్షించిన కిట్‌నే ఎంచుకున్నాను.

ఎక్కువ సమయం పట్టింది వెనుక స్ప్రింగుల ఎంపికకే. ప్రాడో వెనుక కమాన్ కట్టలు ఉండవు, చుట్ట స్ప్రింగులే. వాటిని ఎప్పుడూ మోసే బరువును బట్టి రకరకాలుగా అమ్ముతారు. సొరుగులు, ఫ్రిజ్, గుడారం ఏడాది పొడవునా బండి మీదే ఉంటాయి. నీళ్లు, సామాను, వెనుక సీట్లోని పిల్లలు ప్రయాణాల్లోనే ఉంటారు. నిండు బరువుకు సరిపడే స్ప్రింగులు వేస్తే మిగిలిన రోజుల్లో వెనుక చక్రాలు ప్రతి గుంతకూ ఎగిరిపడతాయి, రోడ్డును సరిగా పట్టుకోవు. కాబట్టి నిత్యం ఉండే బరువుకు తగిన స్ప్రింగులు తీసుకుని, ప్రయాణపు అదనపు బరువు కోసం వాటి లోపల ఇమిడే గాలి సంచులను వేయించాను. బరువెక్కినప్పుడు గాలి నింపుతాము, దించినప్పుడు తగ్గిస్తాము.

స్ప్రింగు బరువు మోస్తుంది, దాని ఊపును షాక్ అబ్జార్బర్ అదుపు చేస్తుంది. అలలు దేరిన మట్టి రోడ్డు మీద గంటల తరబడి నడిస్తే షాక్ లోపలి ఆయిల్ వేడెక్కి, నురగ కట్టి, పట్టు సడలిపోతుంది. ఎక్కువ ఆయిల్ పట్టే లావు గొట్టపు షాకులకు డబ్బు పెట్టడానికి నేను వెనకాడకపోవడానికి కారణం అదే.

బిగించే రోజున దగ్గరుండి చూశాను. ముందు చక్రాలను బండికి కలిపే కంట్రోల్ ఆర్మ్‌ల బోల్టులను మెకానిక్ జాకీ మీద ఉండగా వదులుగా మాత్రమే పెట్టి, బండి చక్రాల మీద నిలిచాక టార్క్ రెంచితో పూర్తిగా బిగించారు. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు బుష్షులు మెలిపడిన స్థితిలోనే ఇరుక్కుని కొద్ది నెలల్లోనే చిరిగిపోతాయని ఆయన వివరించారు. ఆపైన ఒక్కో చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకు టేపుతో కొలిస్తే, డ్రైవరు కూర్చునే కుడివైపు కొంచెం దిగి కనిపించింది. ప్రాడోలకు ఇది పాత జబ్బేనట. కుడి ముందు స్ప్రింగు పైన ప్యాకర్ అనే పలుచని బిళ్ల పెట్టి సరిచేశారు. వీల్ అలైన్‌మెంట్, ముందు లైట్ల సర్దుబాటు కూడా అదే రోజు పూర్తయ్యాయి.

పరీక్షగా దక్షిణ ఆస్ట్రేలియాలో మారీ నుంచి మార్లా వరకు దాదాపు 620 కిలోమీటర్లు సాగే మట్టి దారి, ఊడ్నడాటా ట్రాక్‌ను ఎంచుకున్నాము. టైర్లలో గాలి తగ్గించి, వేగం అదుపులో ఉంచి నడిపితే, మునుపు గరుకు దారి మీద పక్కకు జారిపోయే వెనుక భాగం ఈసారి తిన్నగా వచ్చింది. ఖాళీ బండి నగరంలో మునుపటికన్నా బిరుసుగా నడుస్తోందన్న మాట మాత్రం నిజమే, స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఇంట్లోవాళ్లు ఇప్పటికీ సణుగుతారు.

తిరిగొచ్చాక బోల్టులన్నీ మళ్లీ బిగింపు చూపించాను. కొన్ని స్వల్పంగా వదులయ్యాయి. సర్టిఫికెట్ ప్రతిని, మార్పుల జాబితాను బీమా కంపెనీకి పంపి, వాటిని పాలసీలో నమోదు చేసినట్టు రాతపూర్వకంగా తెప్పించుకున్నాను. జీవీఎం పెరిగినా టాప్ మీద మోయదగిన బరువు గానీ, ట్రైలరుతో కలిపి ఉండదగిన మొత్తం బరువు గానీ దానితోపాటు పెరగలేదు కనుక, ట్రైలరు తగిలించేటప్పుడు ఆ లెక్క మళ్లీ విడిగా వేసుకుంటున్నాను.