మామిడిపండు వాసన, కాలిన దూది రుచి

ఈ-సిగరెట్టు ఒక్క దమ్ము లాగానో లేదో గొంతు మండిపోయింది. కోటిపల్లి రేవులో పంటు కోసం నిలబడ్డవాళ్లంతా నావైపే చూశారు.

"ద్రవాన్ని వేడిచేసే కాయిల్లో దూది నానాలి, పది నిమిషాలు ఆగమన్నానా బావా?" అని లండన్ నుంచి వచ్చిన మా బావమరిది ఒకటే నవ్వు. మామిడిపండు ఫ్లేవరట. నాకు తగిలింది మాత్రం కాలిన దూది.

ఆ కాయిల్ ఇక పోయినట్టే. కొత్తది కొందామంటే 2019 నుంచి మన దగ్గర ఈ-సిగరెట్ల అమ్మకమే నిషేధం. మామూలు సిగరెట్టుకేమో అడుగడుక్కీ బడ్డీకొట్టు! ఇదేం లెక్కో.

లంక పొగాకు చుట్ట తప్ప ఇంకోటి ముట్టని మా తాత దీన్ని చూస్తే ఏమనేవాడో. నికోటిన్ ఇందులోనూ ఉంది, ఆకు కాలదు, అంతే.

పంటు ముక్తేశ్వరం చేరేలోపు చెయ్యి రెండుసార్లు చొక్కా జేబులోకి వెళ్లింది. అగ్గిపెట్టె కావాలనే ఇంట్లో వదిలేసొచ్చాను.