కిటికీ తెరిస్తే ఎందుకు తిడతారు

నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో నెలలో మొదటి సోమవారం మధ్యాహ్నం 12 గంటలకు ఊరంతా సైరన్లు మోగుతాయి. అది పరీక్ష. నిజంగా మోగిన రోజున లోపలికి వెళ్ళి, తలుపులూ కిటికీలూ మూసి, రేడియో పెట్టుకోవాలి. విశాఖ నుంచి ఇక్కడికి పనికి కొత్తగా వచ్చినవాళ్ళు మోత వినగానే కిటికీ తెరిచి తల బయట పెడతారు. సూపర్‌వైజరు కసురుకుంటాడు.

కసరడం న్యాయమే. కానీ విశాఖలో ఫ్యాక్టరీల పక్కనుండే మల్కాపురంలోనో శ్రీహరిపురంలోనో పెరిగినవాళ్ళకి కబురొచ్చేది వీధిలోంచే. ఎవరు ఎటు పరిగెడుతున్నారో చూస్తే గానీ ఏం జరిగిందో తెలీదు. 2020 మే 7న విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) ఆవిరి కమ్మి 12 మంది చనిపోయారు. సైరన్ మోగించే ఏర్పాటు కర్మాగారంలో 36 చోట్ల ఉన్నా ఎవరూ మోగించలేదని ప్రభుత్వ కమిటీయే తేల్చింది. తలుపులు బాది లేపింది మనుషులు. అలాంటి ఇరుగుపొరుగు ఇక్కడ దొరకదు, అది మాత్రం గట్టిగా చెప్తాను.

పైగా, మూసుకుని కూర్చోవాలంటే మూసుకునే ఇల్లుండాలి. ఇక్కడి ఇళ్ళల్లో కిటికీలకి రెండు పొరల అద్దం, చుట్టూ రబ్బరు పట్టీ. గాలి లాగే మిషను కూడా ఆపేస్తే సరిపోతుంది. గోడకీ సిమెంటు రేకుకీ మధ్య బెత్తెడు సందున్న అద్దెగదిలో ఏం మూస్తారు? స్టైరీన్ ఆవిరి గాలికంటే మూడున్నర రెట్లు బరువు. నేలబారున పాకుతుంది, కాలువల్లో, పల్లాల్లో నిలుస్తుంది. చాప మీద పడుకున్నవాళ్ళకి ముందు తగులుతుంది, మేడ మీదివాళ్ళకి కాస్త వ్యవధి దొరుకుతుంది. విశాఖ పారిశ్రామిక ప్రాంతమేమో కొండల మధ్య గిన్నెలా ఉంటుంది. రాత్రి గాలి స్తంభిస్తే ఆవిరి త్వరగా చెదరదు.

అందుకని రేకుల ఇళ్ళవాళ్ళకి చెప్పాల్సింది వేరు. గాలివాటున పరిగెడితే ఆవిరీ వెంటే వస్తుంది, గాలికి అడ్డంగా పోవాలి. పల్లం వైపు దిగకూడదు. లీకైంది అమ్మోనియా అయితే, అది నీళ్ళలో కరుగుతుంది కనక ముక్కుకి తడిగుడ్డ కొంత ఆదుకుంటుంది. స్టైరీన్ నీళ్ళలో పెద్దగా కరగదు, తడిగుడ్డని నమ్ముకుని ఆగిపోకూడదు. వంటగ్యాసు వాసనైతే లైటు వెయ్యకూడదు, వెలుగుతున్నది ఆర్పకూడదు కూడా, స్విచ్చిలో నిప్పురవ్వ చాలు.

ఫ్యాక్టరీలో చేరినవాళ్ళకి ఇదంతా సేఫ్టీ ఇండక్షన్‌లోనే చెప్తారు, ప్రమాదమైతే అందరూ చేరాల్సిన అసెంబ్లీ పాయింట్ చూపిస్తారు. గోడ బయట కాపురమున్నవాళ్ళకీ చెప్పాలని మన 1989 ప్రమాదకర రసాయనాల నిబంధనల్లో ఉంది. గోడ బయటి జనం కోసం వేసే అత్యవసర ప్రణాళికకి ఏడాదికోసారి మాక్ డ్రిల్ జరపాలని కూడా ఉంది. కాగితం మీద మనం ఎవరికీ తీసిపోం. గాలి దిశ చూపే విండ్‌సాక్ మాత్రం గోడ లోపలే ఎగురుతుంది, బయటివాళ్ళు రామాలయం జెండా చూసుకోవాలి. ప్రతి బస్తీ వాటర్‌ట్యాంకు మీదా ఒకటి కట్టాలి. దాని పక్కన రాత్రంతా వెలిగే దీపం కూడా పెట్టాలి. వెంకటాపురంలో అప్పుడు తెల్లవారుజామున మూడు గంటలు.